నాన్న పేరున ఇల్లుంటే వడ్డీ రాయితీ రాదా?

ప్రశ్న: నేను ప్రైవేటు ఉద్యోగిని. ఏడాదికి నా జీతం రూ.5.5 లక్షలు, నా భార్యది రూ.2.5 లక్షలు. పట్టణంలో అద్దెకుంటున్నాం. ఊళ్లో నాన్న పేరున డాబా ఉంది కాబట్టి ప్రధానమంత్రి ఆవాస్ యోజన మాకు వర్తించదని బంధువులు అంటున్నారు. నా జీతం ఒక్కటే చూపిస్తే సరిపోతుందని ఒక మధ్యవర్తి చెబుతున్నాడు. పుట్టింటివారు నా భార్యకు ఇచ్చిన ఖాళీ స్థలం ఈ పట్టణంలోనే ఉంది. ఏం చేయాలి?

జవాబు: మీ బంధువులూ, ఆ మధ్యవర్తీ ఒకే చోట పొరబడ్డారు. ఈ పథకం (పట్టణాలకు వర్తించే రెండో దశ, అంటే పట్టణ 2.0) లెక్కలో కుటుంబమంటే భర్త, భార్య, పెళ్లికాని కొడుకులు, కూతుళ్లు. మీకు పెళ్లయింది కనుక మీ నాన్నది వేరే కుటుంబం. ఆయన డాబా మీకు అడ్డు కాదు. అది పిత్రార్జితమై, పంపకాల్లో కొంత భాగం ఇప్పటికే మీ పేరున రిజిస్టరై ఉంటే మాత్రం చిక్కే. మీ కుటుంబంలో ఎవరి పేరునా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. ఖాళీ స్థలం ఇల్లు కిందకు రాదు.

ఆదాయమూ అంతే, కుటుంబం మొత్తానిది చూస్తారు. మీది రూ.8 లక్షలు. ఈ పథకం నిరుపేదలకే పరిమితమన్న అపోహతో చాలామంది దరఖాస్తే చేయరు. ఇందులో గృహరుణంపై ఇచ్చే వడ్డీ రాయితీకి మధ్యతరగతి వార్షికాదాయ పరిమితి రూ.9 లక్షలు. అంటే ఏమీ దాచకుండానే మీరు అర్హులు. అలాంటప్పుడు భార్య జీతం దాచి అబద్ధపు హామీపత్రం మీద సంతకం చేయడం కొరివితో తల గోక్కోవడమే.

స్థలం ఉన్నవారు ఇల్లు కట్టుకోవడానికి నేరుగా ఇచ్చే సాయం రూ.3 లక్షలలోపు ఆదాయం వారికే. అది మీకు రాదు. కానీ ఆ స్థలంలో ఇంటి నిర్మాణానికి తీసుకునే రుణానికి వడ్డీ రాయితీ వర్తిస్తుంది. ఇల్లు మహిళ పేరున గానీ, దంపతుల ఉమ్మడి పేరున గానీ ఉండాలంటారు కాబట్టి స్థలం మీ భార్యది కావడం కలిసొచ్చే విషయమే. ఇంటి విలువ రూ.35 లక్షలు, రుణం రూ.25 లక్షలు మించకూడదు. రుణం 2024 సెప్టెంబరు 1న గానీ, ఆ తర్వాత గానీ మంజూరై ఉండాలి. గత 20 ఏళ్లలో మీ ఇద్దరిలో ఎవరూ ప్రభుత్వ గృహ పథకం లబ్ధి పొంది ఉండకూడదు. దీన్ని ముందే సరిచూసుకోండి.

రుణం మంజూరు కాగానే రాయితీ సొమ్ము చేతికొస్తుందనుకోకండి. మొదటి రూ.8 లక్షలపై 4 శాతం చొప్పున లెక్కగట్టి, గరిష్ఠంగా రూ.1.80 లక్షలను ఐదు వార్షిక వాయిదాల్లో రుణ ఖాతాకే జమ చేస్తారు. ఆ సమయానికి అసలులో సగానికి పైగా బాకీ ఉండాలి. త్వరత్వరగా అప్పు తీర్చేసే అలవాటుంటే ఈ షరతు గుర్తుంచుకోండి.