పాత మెలికల ఫాంట్ పేరు కావాలా? ముందు ఆ పెద్దక్షరాన్ని పక్కన పెట్టండి

పాత సర్టిఫికెట్ మీది మెలికల ఇంగ్లిష్ అక్షరాలు ఏ ఫాంటో చెప్పమన్నారు. బొమ్మ చూసి ఫాంట్ పేరు చెప్పే రెండు సైట్లలో పెడితే రెండు పేర్లు వచ్చాయన్నారు. మీరు జతచేసిన బొమ్మలో ఉన్నది ఒకే ఒక్క పెద్ద ఎస్. చిక్కంతా అక్కడే. అందంగా ఉందని అందరూ ఆ పెద్దక్షరాన్నే కత్తిరించి పంపుతారు, కానీ ఎక్కువగా తప్పుదారి పట్టించేదీ అదే. ఫాంట్లు గీసే మాథ్యూ కార్టర్ 1972లో చేసిన షెల్లీ స్క్రిప్ట్ ఫాంట్‌నే చూడండి. అందులో ఆందాంతే, అలెగ్రో, వొలాంతే అని మూడు రకాలు. వాటి మధ్య తేడా ప్రధానంగా పెద్దక్షరాల మెలికల్లోనే. 1997 నాటి మరో మెలికల ఫాంట్ బికమ్ స్క్రిప్ట్‌లోనైతే ఒక్కో అక్షరానికి బోలెడు ప్రత్యామ్నాయ రూపాలు. మీ ఎస్ దేనితోనూ కలవలేదంటే ఫాంట్ వేరని కాదు, రూపం వేరై ఉండొచ్చు.

చిన్నక్షరాలు పట్టుకోండి. ముఖ్యంగా పి, ఆర్, ఎస్, కె. చిన్న పి ఒక్కటే సగం పని చేస్తుంది. నిలువు గీత పక్కనున్న పొట్ట కంటే పైకి లేచిందా, సమానంగా ఆగిందా? పొట్ట కింద పూర్తిగా మూసుకుందా, గీతను తాకకుండా ఆగిపోయిందా? కిందికి దిగిన గీత చదునుగా తెగిందా, సన్నబడి ముగిసిందా? ఈ మూడు జవాబులతోనే చాలా పేర్లు రాలిపోతాయి. తర్వాత వాలు కొలవండి. చిన్న హెచ్ నిలువు గీత వెంట ఒక రేఖ గీసి, అక్షరాలు కూర్చున్న గీతతో అది చేసే కోణం చూడండి. మెలికల కలం రాతల్లో రెండు పాత శైలులున్నాయి: కాపర్‌ప్లేట్ రాతకు 55 డిగ్రీలు, స్పెన్సీరియన్‌కు 52 వాడుకలో ఉన్న లెక్కలు. కొలిచే ముందు స్కాన్‌ను తిన్నగా తిప్పుకోవాలి, లేకపోతే ఈ 3 డిగ్రీల తేడా స్కాన్ వంకరలోనే కొట్టుకుపోతుంది.

అసలు అది ఫాంటేనా? ఒకే అక్షరం నాలుగైదు చోట్ల ఉంటే అన్నిటినీ పక్కపక్కన పెట్టండి. ఏ రెండూ అచ్చం ఒకేలా లేకపోతే అది చేత్తో రాసిందో, రేకు మీద చెక్కిందో. దానికి ఫాంట్ పేరంటూ ఉండదు. ఒకేలా ఉంటే అక్షరాల మధ్య అతుకు చూడండి. ప్రతి అతుకు దగ్గరా సన్నగీత కొద్దిగా తెగినట్టో, మెట్టు పడినట్టో కనిపిస్తే సీసపు అక్షరాలతో అచ్చయిందని అనుమానించొచ్చు, ఎందుకంటే అక్కడ ఒక్కో అక్షరం ఒక్కో దిమ్మె. సీసం బదులు ఫోటో పద్ధతిలో అక్షరాలు కూర్చే ఫోటోటైప్‌సెట్టింగ్ వచ్చాక ఆ అడ్డు పోయింది. 1960లలో కార్టర్ తన స్నెల్ రౌండ్‌హ్యాండ్ ఫాంట్ అక్షరాలను అంత నున్నగా కలపగలిగింది అందుకే.

ఇక వెతుకుడు. స్కాన్ 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), గ్రేస్కేల్‌లో తీయండి. వాట్సాప్‌లో పంపి మళ్లీ దించిన బొమ్మ వద్దు, సన్నగీతలు ముందు చచ్చేది అందులోనే. సైట్‌లో పెట్టేముందు అతుకుల దగ్గర, గీత అన్నిటికన్నా సన్నగా ఉన్నచోట, రెండు మూడు పిక్సెళ్ల తెల్లగీతతో కోయండి. కోయకపోతే కలిసిన రెండక్షరాలను సైట్ ఒకటే అనుకుని వింత పేర్లు ఇస్తుంది. ఆరేడు చిన్నక్షరాలైనా ఇవ్వండి.

వచ్చిన పేర్లను నమ్మేయకండి. అదే పదాన్ని ఆ ఫాంట్‌లో టైప్ చేసి, 50 శాతం పారదర్శకంగా స్కాన్ మీద పరచండి. మొదటి అక్షరం ఎత్తుకు సరిపెట్టి చివరి అక్షరం చూడండి. మొదట్లో కలిసి పోనుపోను పక్కకు జరిగితే అది వేరే ఫాంట్, లేదా అదే రాతకు మరొకరు చేసిన డిజిటల్ రూపం. రెండోది చాలా మామూలు. అమెరికాలో అక్షరాల ఆకారానికి కాపీరైట్ లేదు, పేరుకు మాత్రం ట్రేడ్‌మార్క్ ఉంది. అందుకే ఒకే ఆకారం నాలుగు పేర్లతో తిరుగుతుంటుంది. హెల్వెటికా ఫాంట్ రూపాన్నే బిట్‌స్ట్రీమ్ అనే ఫాంట్ల కంపెనీ స్విస్ 721 అని అమ్మింది. మీకొచ్చిన రెండు పేర్లనూ ఇలాగే పరిచి చూడండి, రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నా ఆశ్చర్యం లేదు.

చిన్న పి, ఆర్ ఉన్న ఒక పూర్తి పదాన్ని నాకు మాత్రం కోయకుండా పెట్టండి, చూసి చెబుతాను.