డాక్యుమెంటేషన్ ఉద్యోగం టైపింగ్ పనేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాదే కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ పూర్తిచేసింది. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ డాక్యుమెంటేషన్ విభాగంలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ వచ్చింది. పేజీలకు ఫార్మాటింగ్ చేయడం, వాటిలో కోడ్ ఉదాహరణలు, బొమ్మలు, వీడియోలు పొందుపరచడం పని అట. నాలుగేళ్లు చదివించింది టైపింగ్ పనికి పంపడానికా అని బాధగా ఉంది. వద్దని చెప్పమంటారా? – ఒక తండ్రి, తెనాలి

జవాబు: వద్దనకండి. అయితే ఒప్పుకునే ముందు మీ అమ్మాయి కంపెనీవాళ్లను రెండు ప్రశ్నలు అడగాలి. అవేమిటో చివర్లో చెబుతాను. ముందు మిమ్మల్ని బాధపెడుతున్న ఆ ‘టైపింగ్’ సంగతి చూద్దాం.

సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్‌ను, అంటే ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలో వివరించే పేజీలను, ఇప్పుడు చాలా చోట్ల వర్డ్ ఫైళ్లలో రాయరు. 2004లో జాన్ గ్రూబర్ తెచ్చిన మార్క్‌డౌన్‌లోనో, రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌లోనో, ఆస్కిడాక్‌లోనో (ఇవన్నీ గుర్తులతో రాసే పద్ధతులు) సాదా టెక్స్ట్ ఫైళ్లుగా రాస్తారు. అవి ప్రోగ్రాం కోడ్‌తో పాటే, ఎవరు ఏం మార్చారో నమోదుచేసే గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. ఒకరు చేసిన మార్పును మరొకరు పరిశీలించి సరే అన్నాకే అది పేజీలోకి వెళుతుంది. స్ఫింక్స్ లాంటి సాఫ్ట్‌వేర్ ఆ ఫైళ్లను వెబ్ పేజీలుగా మారుస్తుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష అధికారిక డాక్యుమెంటేషన్ తయారయ్యేది స్ఫింక్స్‌తోనే. అసలు స్ఫింక్స్ పుట్టిందే దానికోసం.

ఇక్కడ ఫార్మాటింగ్ అంటే అక్షరాలను లావుగా, రంగుగా చేయడం కాదు. ఏది శీర్షికో, ఏది కోడో, ఏది హెచ్చరికో యంత్రానికి తెలిసేలా గుర్తుపెట్టడం. పేజీ పక్కన కనిపించే విషయసూచిక ఆ శీర్షికల నుంచే తయారవుతుంది. చూపులేనివారు తెరమీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాయంతో ఒక శీర్షిక నుంచి మరో శీర్షికకు వెళుతూ తమకు కావలసిన చోటు వెతుక్కుంటారు. పెద్దగా కనిపించాలని మామూలు వాక్యాన్ని శీర్షికగా మారిస్తే వారికి దారి తప్పుతుంది.

అసలు నేర్పు కోడ్‌ను పొందుపరచడంలో ఉంది. ఉదాహరణను కాపీ చేసి పేజీలో అతికించడం క్షణాల పని. కానీ రేపు ప్రోగ్రామర్లు ఒక ఫంక్షన్ పేరు మారిస్తే పేజీలో పాత పేరే మిగిలిపోతుంది. దాన్ని నమ్మిన కుర్రవాడెవరో తప్పు తనదేననుకుని రాత్రంతా తంటాలు పడతాడు. కొత్తగా నేర్చుకునేవారి ధైర్యాన్ని ఇలాంటి పేజీలు ఎంతగా దెబ్బతీస్తాయో విద్యార్థులతో మాట్లాడేటప్పుడు తరచూ చూస్తుంటాను. చాలా కోపం వస్తుంది.

దీనికి స్ఫింక్స్‌లో లిటరల్‌ఇన్‌క్లూడ్ అనే సదుపాయం ఉంది. కోడ్‌ను పేజీలో రాయనక్కరలేదు, అది ఏ ఫైలులో ఉందో చెబితే చాలు. పేజీని తయారుచేసిన ప్రతిసారీ ఆ ఫైలు నుంచే తెచ్చుకుంటుంది. ఆ ఫైలును మిగతా కోడ్‌తో పాటు పరీక్షిస్తుంటే ఉదాహరణ పనిచేస్తుందన్న భరోసా ఉంటుంది. అక్కడా ఒక మెలిక ఉంది. 10వ వరుస నుంచి 20వ వరుస దాకా తెమ్మని రాశారనుకోండి. ఎవరైనా పైన రెండు వరుసలు చేర్చిన రోజున పేజీలో వేరే ముక్క కనిపిస్తుంది. తప్పు జరిగిందని ఏ సందేశమూ రాదు. అందుకే కోడ్‌లోనే మొదలుకూ ముగింపుకూ గుర్తులు పెట్టి, ఆ రెండింటి మధ్య ఉన్నది తెమ్మనాలి. ఆస్కిడాక్‌లో ఇదే పని ట్యాగులతో చేస్తారు. పైథాన్‌తో వచ్చే డాక్‌టెస్ట్ అయితే, రాసిన ఉదాహరణలను నిజంగా నడిపి, ఫలితం రాసినట్టే వచ్చిందో లేదో చెబుతుంది. కోడ్ చదవడం రానివారు ఈ పనులు చేయలేరు. మీ అమ్మాయి చదివిన నాలుగేళ్ల చదువూ ఇక్కడ అక్కరకొస్తుంది.

బొమ్మలకూ ఇదే సూత్రం. స్క్రీన్‌షాట్లు త్వరగా పాతబడతాయి, అవసరమైన చోటే పెట్టాలి. బొమ్మలో ఏముందో చెప్పే వివరణ తప్పక రాయాలి. ప్రవాహ చిత్రాలను (ఫ్లోచార్ట్‌లను) మెర్మెయిడ్ అనే సాధనంతో అక్షరాల్లోనే రాస్తే ఎవరైనా సరిదిద్దగలరు. గిట్‌లోని ఫైళ్లను ఆన్‌లైన్‌లో ఉంచే గిట్‌హబ్ వెబ్‌సైట్ 2022 నుంచి వాటిని నేరుగా బొమ్మలుగా చూపుతోంది. ఇక వీడియో ఎంత బాగున్నా, అందులో చెప్పిన ఆదేశాలు పేజీలో రాసి ఉండాలి. ఒక్క ఆదేశం కోసం వచ్చినవారి చేత మొత్తం వీడియో చూపించడం అన్యాయం.

ఒక విషయం దాచను. కొన్ని కంపెనీల్లో ఈ విభాగంలో ప్రారంభ జీతం ప్రోగ్రామర్ల కంటే తక్కువ, పదోన్నతులకు మెట్లూ తక్కువే. కాబట్టి మీ అమ్మాయి ప్రోగ్రామింగ్ వదలకూడదు. రాయడమూ కోడూ రెండూ తెలిసినవారికి డాక్యుమెంటేషన్ ఇంజినీరు ఉద్యోగాలున్నాయి. కావాలంటే తర్వాత డెవలపర్ ఉద్యోగానికీ మారవచ్చు.

చేరేలోగా తను చేయగలిగింది ఒకటుంది. వెబ్ సాంకేతికతలను వివరించే ఎండీఎన్ వెబ్‌సైట్ పేజీలు 2020 డిసెంబరు నుంచి గిట్‌హబ్‌లో ఉన్నాయి. ఎవరైనా సవరణలు పంపవచ్చు. పనిచేయని ఒక ఉదాహరణను పట్టుకుని, సరిదిద్ది పంపమనండి. ఆ సవరణ అంగీకారం పొందితే, ఇంటర్వ్యూలో ధ్రువపత్రాల కన్నా దానికే ఎక్కువ విలువ.

ఇక ఆ రెండు ప్రశ్నలు. పేజీల మూలం ఎక్కడుంటుంది, మార్పులను ఎవరు పరిశీలిస్తారు? తాను వివరించబోయే సాఫ్ట్‌వేర్‌ను స్వయంగా నడిపి చూసే వీలు, దాని కోడ్ చదివే అనుమతి ఉంటాయా? పేజీలు గిట్‌లో ఉంటాయని, అనుమతి ఇస్తామని చెబితే సంతోషంగా పంపండి. ఇతరులు రాసిన ఫైళ్లకు వర్డ్‌లో అక్షరాల సైజు సరిచేయడమే పని అంటే మాత్రం, మీ భయం నిజమే. అప్పుడు మర్యాదగా కాదని చెప్పి మరో అవకాశం చూసుకోమనండి.