మీసం వచ్చే ఈడులో గ్రహణం మొర్రి పిల్లాడు

అక్కా, తొమ్మిది చదివే మీ అబ్బాయి అద్దం చూడడం మానేశాడని, గ్రూప్ ఫొటో ఉన్న రోజు బడి ఎగ్గొడుతున్నాడని రాశారు. చిన్నప్పుడే ఆపరేషన్ అయిపోయింది కదా, ఇప్పుడెందుకిలా అని అడిగారు. మాది నరసన్నపేట దగ్గర పల్లె. నాదీ గ్రహణం మొర్రే, పెదవీ అంగిలీ రెండూ. నాక్కూడా ఆ ఈడులోనే మొదలైంది.

మీసంతో మొదలైంది. కుట్టు మచ్చ మీద వెంట్రుక మొలవదు. తోటివాళ్లకి నూనూగు మీసం వస్తుంటే నాకు ముక్కు కింద సన్నటి దారి మిగిలిపోయింది. మంగలి షాపులో ఒకాయన "ఏటిరా, గట్టు తెగిపోనాదేటి?" అన్నాడు. నేనూ నవ్వేశాను. ఆ తర్వాత రెండేళ్లు మా నాన్న రేజరు దొంగచాటుగా వాడాను.

మాట ఇంకో గొడవ. అంగిలి కుట్టినా గాలి ముక్కులోంచి పోయేది, 'ప' అంటే 'మ' అని వినపడేది. హాజరుకి "ప్రెజెంట్ సార్" అనలేక చెయ్యెత్తి ఊరుకునేవాణ్ణి. ఇంట్లో చెబితే అమ్మ ఏడుస్తుంది. గ్రహణం నాడు కత్తిపీట ముందు కూర్చుందని మా నాయనమ్మ అప్పటికీ దెప్పుతూనే ఉండేది మరి.

ఆ ముడి విప్పింది విశాఖలో స్పీచ్ థెరపీ మేడం. "గ్రహణం పట్టింది ఎన్నో నెలలోనమ్మా?" అంది. ఆరో నెల. "పెదవి, అంగిలి అతుక్కునేది మూడో నెల నిండకముందే. ఆరో నెలకి అదంతా ఎప్పుడో అయిపోయింది." అమ్మ బస్సులో శ్రీకాకుళం దాకా నోరు విప్పలేదు. ఆ రాత్రే నేను హాజరు సంగతి చెప్పాను.

అందుకే "బాగానే ఉన్నావురా" అనకండి, వాడికీ కళ్లున్నాయి. ఎవరేమన్నారని అడిగి, వినండి చాలు. ముక్కు, దవడ సరిచేసే ఆపరేషన్లు ఎదుగుదల ఆగాకే, ఇంచుమించు 17, 18 ఏళ్లకి. చేయించుకోవాలా వద్దా వాణ్ణే తేల్చుకోనివ్వండి. నేను ముక్కు చేయించుకున్నాను, దవడ వద్దన్నాను. బడికొచ్చి పిల్లల్ని పరీక్షించే ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే డాక్టర్లు 18 ఏళ్ల దాకా చూస్తారు, మాట సంగతి వాళ్లకి చెప్పండి. మనసు సంగతికి టెలీ మానస్ అని ప్రభుత్వ ఫోన్ సాయం ఉంది, నంబరు 14416, తెలుగులోనే, ఉచితం, ఏ వేళైనా. ముందు మీరే చేసి మాట్లాడండి. చచ్చిపోతానన్న మాట వస్తే మాత్రం ఆ రోజే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

మీసం గురించి అడిగితే, మచ్చ మీద వెంట్రుకలు నాటే పద్ధతి ఉందని చెప్పండి. నేను నాటించుకోలేదు, గీసుకోవడమే అలవాటైపోయింది. ఇప్పుడు రేజరు మాత్రం నాదే.