మీ నాయన సంగటి పక్కకు జరిపితే

చిన్నోడా, పెద్దమ్మ ఆశీస్సులు.

పోయిన సంక్రాంతికి మీ నాయన ముద్దలో పావు వంతు తిని పళ్లెం పక్కకు జరిపేశాడు. ఆకలి లేదన్నాడు. ఆకలి లేక కాదురా, తింటే నొప్పి వస్తుందని భయం. అన్నం అరగాలంటే పేగులకు రక్తం ఎక్కువ కావాలి. ఆ రక్తం తెచ్చే ధమని సన్నబడితే అది చాలదు, తిన్న అరగంటకే కడుపు పట్టేస్తుంది. మనిషి చిక్కిపోతాడు. ఊరంతా గ్యాస్ అంటుంది, మాత్రలు మింగిస్తుంది.

మీ నాయనకు పేగుల ధమని సన్నబడిందని సీటీ యాంజియోలో, అదే రక్తనాళాల స్కానింగ్‌లో, తేలిపోయింది కదా, స్టెంట్ వాయిదా వెయ్యొద్దు. నాళం మూసుకోకుండా లోపల పెట్టే చిన్న జాలీ గొట్టం అది. మామిడి కోతలు కానీ అంటాడు. కాయలు నువ్వు కోయించు. గుండెకు వేసినట్టే తొడ దగ్గరో చేతి దగ్గరో చిన్న రంధ్రం చేసి వేస్తారు. కుదరకపోతే బైపాస్, అంటే ఆపరేషన్ చేసి రక్తానికి వేరే దారి వేస్తారు. స్టెంట్ మళ్లీ సన్నబడొచ్చు, స్కానింగ్‌కు పిలిచినప్పుడల్లా తీసుకుపో. మాత్రలు సొంతంగా ఆపనివ్వకు. బీడీ సంగతి మీ అమ్మ చెబితే వినడు, డాక్టర్ చేత చెప్పించు.

అసలు భయం వేరే, ఆ ధమని ఒక్కసారిగా మూసుకుపోవడం. మీ పెదనాయనకు గుండె లయ తప్పేది, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్ర నాలుగు రోజులు మానేశాడు. ఒక రాత్రి కడుపు పట్టుకుని మెలికలు తిరిగాడు. ముప్పై ఏళ్లు వార్డులో నర్సుగా చేసిన నేనే పొట్ట నొక్కి చూసి, మెత్తగా ఉందే, ఏమీ లేదులే అనుకున్నా. ఈ జబ్బు మోసం అదే. నొప్పేమో ప్రాణం తీస్తుంది, పొట్ట చూస్తే మామూలుగా ఉంటుంది. తెల్లారాక ఆసుపత్రికి తీసుకుపోతే పేగుల ధమనిలో అడ్డుపడిన రక్తపు గడ్డ తీశారు కానీ, నల్లబడిన పేగు రెండడుగులు కోసేయాల్సి వచ్చింది. మర్నాడు మళ్లీ పొట్ట తెరిచారు, మిగిలిన పేగు బతికిందో లేదో చూడడానికి.

కాబట్టి ఉన్నట్టుండి నొప్పి, వాంతి వస్తే ఊళ్లో ఇంజెక్షన్‌కు ఆగొద్దు. నోటికేమీ పెట్టొద్దు. 108కి ఫోన్ చెయ్, సీటీ, సర్జన్ ఉన్న చోటికే పోనీ. తిరుపతిలో స్విమ్స్, రుయా ఆసుపత్రులు ఉన్నాయి. గుమ్మంలోనే "పేగుల ధమని సన్నబడింది" అని గట్టిగా చెప్పు. కొన్ని గంటల్లోనే పేగు చచ్చిపోతుంది.

రిపోర్టు బీరువాలో దాచకు, తలుపు వెనక సంచిలో ఉండనీ. స్టెంట్ వేసేదాకా కొంచెం కొంచెంగా రోజుకు ఐదారుసార్లు పెట్టండి. ఆదివారం వస్తా, సంగటి నేనే గెలుకుతా, నిమ్మకాయంత ముద్దలు చేస్తా.

పెద్దమ్మ