మామగారి కోపం వెనక ఏముందో చూడండి

ప్రశ్న: మా మామయ్యగారికి 71 ఏళ్లు. అత్తయ్యగారు లేరు. ఏడాది కిందటి వరకు ఆయన గట్టిగా మాట్లాడి ఎరగరు. ఇప్పుడు ముక్కు మీదే కోపం. అన్నం పది నిమిషాలు ఆలస్యమైతే కంచం తోసేస్తారు. పిల్లలు నవ్వుకుంటే తనను చూసే నవ్వారంటారు. షుగరుకు, బీపీకి మాత్రలు వాడుతున్నారు. ‘ముసలితనం, నువ్వే సర్దుకుపో’ అంటారు మావారు. నా ఓపిక అయిపోతోంది. ఏం చెయ్యాలి? – ఒక సోదరి

జవాబు: మీవారి మాట సరికాదమ్మా. వయసు మీద పడినంత మాత్రాన నెమ్మదస్తుడు ఏడాదిలో కోపిష్టి అయిపోడు. స్వభావం ఇంతగా మారిందంటే కారణం ఉంటుంది. చాలాసార్లు అది ఒంట్లోనే ఉంటుంది.

మీరు అన్నిటికీ ‘కోపం’ అనే రాశారు. ఒక పది రోజులు చూసింది చూసినట్టు డైరీలో రాయండి. విసుక్కున్నారా, కసిరారా, అలిగి మాట్లాడటం మానేశారా, ఉక్రోషంతో కళ్లనీళ్లు పెట్టుకున్నారా, అనుమానపడ్డారా? అప్పుడు టైమెంత, అంతకుముందు ఎప్పుడు తిన్నారు, రాత్రి ఎన్నిసార్లు లేచారు? డాక్టరు దగ్గరకెళ్లి ‘ఊరికే కోప్పడుతున్నారండీ’ అంటే నిద్రమాత్రతో సరిపెట్టే ప్రమాదం ఉంది. ఈ వయసులో నిద్రమాత్రలతో తూలి పడిపోవడం, తికమకపడటం ఎక్కువ.

ముందు ఆ కంచం సంగతి. ఆయన గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో వాడుతుంటే భోజనం ఆలస్యమైనప్పుడు షుగర్ పడిపోవచ్చు. అప్పుడు మొదట్లోనే చిరాకు కనబడవచ్చు. చెమట, చేతుల వణుకు కూడా ఉన్నాయేమో గమనించండి. ఆ క్షణంలోనే గ్లూకోమీటరుతో చూడండి. 70 కన్నా తక్కువుంటే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలాగి మళ్లీ చూసి, ఇంకా తక్కువుంటే మరోసారి ఇవ్వండి. ఆ తర్వాత అన్నం పెట్టండి. మాత్ర మాత్రం మీరై ఆపకండి, ఆ అంకెలు డాక్టరుకు చూపించండి. రీడింగు బాగానే ఉంటే అది మామూలు ఆకలి విసుగు. పదకొండింటికి ఒక ఇడ్లీయో, గుప్పెడు గుగ్గిళ్లో పెడితే చాలు.

పిల్లల నవ్వు మీద అనుమానం చదవగానే నాకు చెవులు గుర్తొచ్చాయి. వయసుతో వచ్చే చెవుడులో సన్నని శబ్దాలు ముందు పోతాయి. మాట వినబడుతుంది, ముక్కలు ముక్కలుగా. ‘సంచి’ అంటే ‘మంచి’ అనుకోవచ్చు. ఆడవాళ్ల, పిల్లల గొంతులు మరీ కష్టం. సగం వినబడితే మిగతా సగం మనసు పూరించుకుంటుంది, అదీ చెడుగానే. టీవీ సౌండు పెంచుతున్నారా? వెనకనుంచి పిలిస్తే పలకడం లేదా? ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. ఒక్కోసారి గుబిలి తీస్తేనే సగం సమస్య తీరుతుంది. ఈలోపు మిక్సీ, టీవీ ఆపి, ఎదురుగా వచ్చి, ముఖం కనబడేలా నిదానంగా మాట్లాడండి. అరిస్తే మాట ఇంకా చెదిరిపోతుంది, పైగా తిట్టినట్టుంటుంది.

రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేస్తుంటే పగటి చిరాకు నిద్ర చాలక కావచ్చు. ప్రోస్టేట్ పరీక్ష చేయించండి. బీపీ మాత్రల్లో నీరు ఎక్కువ పోయించేది ఉంటే ఏ పూట వేయాలో అడగండి. మోకాళ్ల నొప్పి, మలబద్ధకం కూడా అడిగి తెలుసుకోండి, మగవాళ్లు అంత తేలిగ్గా చెప్పరు. రక్తపరీక్షల్లో థైరాయిడ్, సోడియం, బి12 చేర్చమనండి. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గవచ్చు.

ఇక ఉక్రోషం. భార్య పోయి, బ్యాంకు కార్డు కొడుకు చేతికెళ్లి, ఇంట్లో తనను అడిగేవాళ్లు లేకపోతే ఏ మనిషికైనా వస్తుంది. ‘ఎందుకలా అరుస్తారు’ అనే బదులు ‘మామయ్యగారూ, అన్నం ఇప్పుడు పెట్టేదా, కాసేపాగి పెట్టేదా?’ అని ఆయననే తేల్చనివ్వండి. పాల లెక్కో, కూరగాయల బేరమో ఆయనకే వదిలేయండి. పెద్ద వయసు మగవాళ్లలో డిప్రెషన్ ఏడుపుగా కాక రుసరుసగా బయటపడటం మామూలే. తిండి, నిద్ర, పేపరు మీద ఆసక్తి రెండు వారాలకు పైగా తగ్గితే సైకియాట్రిస్టుకు చూపించండి. వెళ్లడానికి ఒప్పుకోకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు మీరే ఫోన్ చేసి మాట్లాడవచ్చు. అడిగిందే అడగడం, డబ్బు దొంగిలించారనడం, తెలిసిన దారి తప్పడం ఉంటే న్యూరాలజిస్టు చూడాలి. ఒకటి రెండు రోజుల్లోనే మనుషుల్ని గుర్తుపట్టలేనంతగా మారితే మాత్రం ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఇన్ఫెక్షనో, సోడియం పడిపోవడమో కావచ్చు.

ఆయన అరుస్తున్నప్పుడు వాదించకండి, పక్కగదిలోకి వెళ్లండి. చెయ్యెత్తితే పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చేయండి. డాక్టరు దగ్గరకు తీసుకెళ్లడం, రాత్రి భోజనం దగ్గర కూర్చోవడం మీవారి వంతు. ఈ జవాబు ఆయనకు చూపించి ఆ రెండు పనులూ అప్పగించండి.