పీటలు తూర్పుకు, కెమెరా పడమటికి

ప్రశ్న: నరసరావుపేటలో పన్నెండేళ్లుగా పెళ్లి వీడియోలు తీస్తున్నాను. మొదటిసారి బయటి రాష్ట్రం ఆర్డరు వచ్చింది. డిసెంబరు మొదటి వారంలో ఉదయపూర్‌లో, పిచోలా సరస్సు ఒడ్డున పెళ్లి. ముహూర్తం తెల్లవారుజామున 4.40కి. సిటీ ప్యాలెస్ బాగా కనపడాలని పెళ్లివారు పదేపదే చెబుతున్నారు. టెన్షన్‌గా ఉంది. ఏ విషయాల్లో జాగ్రత్త పడాలి?
(పేరు వేయవద్దన్న పాఠకుడు)

జవాబు: 4.40కి ప్యాలెస్ కనపడదని ముందే చెప్పేయండి. అక్కడ డిసెంబరులో సూర్యోదయం ఏడు దాటాకే. భవనం మీది దీపాలు రాత్రంతా ఉంటాయనుకోకండి, ఎన్నింటికి ఆపుతారో హోటల్‌ వాళ్లను ఇప్పుడే అడగండి.

అసలు చూడాల్సింది మండపం ఏ ఒడ్డున వేస్తున్నారన్నది. వధూవరులు పక్కపక్కన కూర్చున్నాక తూర్పు ముఖంగా ఉంటారు కదా, అంటే మీ కెమెరా పడమటికి చూస్తుంది. సిటీ ప్యాలెస్ ఉన్నది సరస్సుకు తూర్పు ఒడ్డున. మండపం అటువైపు వేస్తే జంట వెనక నీళ్లొస్తాయి. అవతల అంబ్రాయి ఘాట్ వైపు వేస్తే ప్యాలెస్ జంటకు ఎదురుగా, మీ వీపు వెనక ఉంటుంది! అక్కడ నేను తీసిన పెళ్లిలో ఈ సంగతి నాకు స్టేజీ కట్టేశాక తట్టింది. డెకరేషన్ వాళ్లతో గొడవ పడ్డాను కానీ పీటలు తిప్పడానికి పంతులుగారు ఒప్పుకోలేదు. ఆయనదే న్యాయం.

ప్యాలెస్ షాట్ కావాలంటే ముందురోజు సాయంత్రం నాలుగున్నరకు జంటను అంబ్రాయి ఘాట్‌కు తీసుకెళ్లండి. పడమటి ఎండ నీళ్ల మీదుగా నేరుగా గోడల మీద పడుతుంది. ముప్పావు గంట చాలు. అక్కడే పొద్దున వెళితే సూర్యుడు ప్యాలెస్ వెనక నుంచి లేస్తాడు, భవనం నల్లటి బొమ్మలా మిగులుతుంది. 1559లో ఉదయసింగ్ మహారాణా కట్టించిన నగరం అంటూ పెళ్లివారి బాబాయి ఒకాయన చరిత్ర మొదలుపెడతాడు. వింటూనే వెలుతురు చూసుకోండి.

ఇంకో మాట, ఆ 4.40 విజయవాడ లెక్కా, ఉదయపూర్ లెక్కా? రెండు ఊళ్లకూ ఏడు డిగ్రీల రేఖాంశం తేడా. లగ్నం సుమారు అరగంట జరుగుతుంది. ఇది పంతులుగారు చూసుకునే పనే, కానీ జీలకర్ర బెల్లం టైముకు మీరు బ్యాటరీ మారుస్తూ ఉంటే తిట్లు మీకే.

ఇక చలి. తెల్లవారుజామున పది డిగ్రీల లోపుకు కూడా పడుతుంది. విడి బ్యాటరీలు లోపలి జేబులో, ఒంటి వేడికి పెట్టుకోండి. విమానంలో వెళితే వాటిని చెక్ ఇన్ లగేజీలో వేయకూడదు, చేతి సంచిలోనే. నేనేం చేశానంటే, కెమెరా బ్యాగు రాత్రంతా టెంపోలో వదిలేసి, పొద్దున్నే నేరుగా పెళ్లికూతురి గదిలోకి పట్టుకెళ్లాను. అక్కడ హీటరు, గీజరు ఆవిరి, పాతికమంది ఆడవాళ్లు. లెన్సు మొత్తం మంచు పట్టినట్టు తెల్లబడింది. తుడిస్తే మళ్లీ పట్టింది. మంగళస్నానం అయ్యాక ఆమె తల్లి తలకు సాంబ్రాణి పట్టిన ఐదు నిమిషాలూ నా దగ్గర లేవు. బ్యాగు జిప్పు తీయకుండా అరగంట గదిలో ఉంచి, తర్వాతే కెమెరా బయటికి తీయండి.

రాత్రి పది నుంచి ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. కాబట్టి మంత్రాలకు మైకు ఉండదు. మీ రికార్డింగు కోసం పంతులుగారి కండువాకు ల్యాపెల్ (బట్టలకు తగిలించే చిన్న మైకు) పెట్టండి. మేళం కూడా మైకు లేకుండానే. మన ఫంక్షన్ హాళ్ల హోరు లేక ఆ సన్నాయి ఎంత బాగా రికార్డయిందో! అలంకరణ దీపాలు మినుకుమినుకుమనకుండా షట్టరు వేగం 1/50 సెకను దగ్గర ఉంచండి. డ్రోన్ తెచ్చేవాడి దగ్గర రిజిస్ట్రేషన్ నంబరు, పైలట్ సర్టిఫికెట్ చూశాకే అడ్వాన్సు ఇవ్వండి, హోటల్ అనుమతి కూడా రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రశ్న: నాకూ డిసెంబరులో అక్కడే, తెల్లవారుజామునే పెళ్లి. అరుంధతీ నక్షత్రం వీడియోలో నిజంగా కనపడుతుందా?
(హైదరాబాద్ నుంచి ఒక పెళ్లికూతురు)

జవాబు: మీది అదృష్టమమ్మా. పట్టపగలు ఖాళీ ఆకాశం చూపించే పెళ్లిళ్లే నేను ఎక్కువ తీశాను. డిసెంబరు మొదట్లో ఐదింటికి సప్తర్షులు ఈశాన్యంలో బాగా పైకి వచ్చి ఉంటారు. తోకలోని మూడింటిలో మధ్య చుక్క వశిష్ఠుడు, దాన్ని ఆనుకుని ఉన్న చిన్నది అరుంధతి. వీడియోలో మీరిద్దరూ చూడటం వస్తుంది, చుక్క రావడం కష్టం. మీ వీడియోగ్రాఫర్‌ను 85 ఎంఎం లెన్సు స్టాండు మీద పెట్టి, రెండు సెకన్ల ఫొటో విడిగా తీయమనండి. ఆ కాసేపూ ఎల్‌ఈడీలన్నీ ఆపించండి. మా అసిస్టెంటు సరిగ్గా అప్పుడే వెలిగించాడు.