‘ఇష్టపూర్వకంగా’ అని రాసి వేలిముద్రలు వేయించింది నేనే

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: మీ తమ్ముడు పైడిభీమవరంలో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. అదనపు గంటలకు మామూలు రేటే చాలని సంతకం పెట్టమంటున్నారు. ఆదివారాలు, పండుగ రోజుల్లో పనికి ఎక్కువ రేటు ఇవ్వాలన్న నిబంధన వల్ల చిన్న హోటళ్లు నలిగిపోతున్నాయని ఆస్ట్రేలియాలో ఉన్న మీ బావ అంటున్నాడు. యజమాని, పనివాడు ఇష్టపడి ఒక రేటు అనుకుంటే మధ్యలో చట్టం ఎందుకని అడిగారు.

ఆ ‘ఇష్టపడి’ అన్న మాట గురించే చెప్పాలి. ఒకప్పుడు దాన్ని నా చేత్తో రాశాను.

మాది శ్రీకాకుళం జిల్లాలో పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గ. అమ్మ పదిహేనేళ్లు జీడి పిక్కలు కొట్టింది. చూపు మందగించకముందే పొట్టు తీసే పనికి మారింది. నేను డిగ్రీ అయ్యాక పలాసలోనే వేరే జీడి ఫ్యాక్టరీలో లెక్కలు రాసే పనిలో చేరాను. పొద్దున ఎవరికి ఎన్ని కిలోల పప్పు తూచి ఇచ్చారు, సాయంత్రం గుండు (విరగని పప్పు) ఎంత, బద్ద (సగం పప్పు) ఎంత, ముక్క ఎంత తిరిగి వచ్చాయి, ఇదంతా పుస్తకంలో ఎక్కించాలి. కూలి కిలో లెక్కన. ముక్క ఎక్కువైతే కోత. ఇంట్లో అమ్మ వేళ్లు, ఆఫీసులో షావుకారు బ్యాంకు అప్పు, రెండూ దగ్గర నుంచి చూశాను. అందుకే షావుకార్లందరూ దుర్మార్గులని నేను అనను. సగం పిక్కలు ఆఫ్రికా నుంచి ఓడల్లో రావాలి, ధర అక్కడ పెరిగితే ఇక్కడ ఊపిరాడదు. ఆ బాధ నిజమే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా పక్కనే తీరం దాటింది. మా చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో తరాల నాటి జీడి, కొబ్బరి తోటలు ఒక్క రాత్రిలో నేలకూలాయి. కరెంటు చాలా రోజులు లేదు. ఫ్యాక్టరీ జనరేటర్ మీద మళ్లీ తెరిచిన రోజు గేటు దగ్గర ఎప్పుడూ చూడని ముఖాలు కనిపించాయి. కిందటి ఏడాది వరకు సొంత తోటల పిక్కలు మాకు అమ్మినవాళ్లు ఆ రోజు పని అడగడానికి వచ్చారు. డీజిల్ ఖర్చు పెరిగింది కాబట్టి కొంతకాలం కిలోకు రేటు తగ్గుతుందని, దీపావళి సరుకు కోసం రాత్రి పది దాకా పని ఉంటుందని, దానికి అదనం ఏమీ ఉండదని షావుకారు చెప్పారు. “బలవంతం లేదమ్మా, ఇష్టమున్న వాళ్లే ఉండండి” అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. ఒక్కరూ వెళ్లిపోలేదు. ఎక్కడికి వెళ్తారు?

‘పై రేటుకు ఇష్టపూర్వకంగా అంగీకరిస్తున్నాము’ అని ఒక కాగితం మీద రాయమన్నారు. రాశాను. సిరా పెట్టె పట్టుకుని వరసగా వేలిముద్రలు వేయించాను. పిక్కలు కొట్టేవాళ్ల వేళ్లను జీడి రసం ఏళ్ల తరబడి తినేస్తుంది. పైచర్మం పోయి నున్నగా అయిపోతాయి. రేషన్ షాపులో మిషన్ వాళ్ల వేలిని గుర్తుపట్టక వెనక్కి పంపుతుంది. ఆ కాగితం మీదా అంతే. నల్లటి మచ్చలు పడ్డాయి తప్ప ఒక్కదానిలోనూ గీత లేదు. ఆ రాత్రి అమ్మకు ఈ సంగతి చెప్పలేకపోయాను. అమ్మ పని చేసే చోట కూడా అదే కాగితం తిరిగిందని తర్వాత తెలిసింది.

బేరం అంటే ఇద్దరూ కాదనగలిగే స్థితిలో ఉండాలి. గోదాములో పిక్కలు నెలల తరబడి ఆగుతాయి. అమ్మ చెయ్యి ఒక్క రోజు ఆగితే ఆ సాయంత్రం బియ్యం రావు. ఇద్దరిలో ఎవరు ముందు తల వంచుతారో కూర్చుని మాట్లాడకముందే తేలిపోయింది. తోటలు నిలబడి ఉన్న రోజుల్లో ఉద్దానం రైతుకూ ఇదే పరిస్థితి. 80 కిలోల పిక్కల బస్తాకు మద్దతు ధర కావాలని వాళ్లు ఏళ్లుగా అడుగుతున్నది ఎందుకు? వ్యాపారితో ‘స్వేచ్ఛగా’ మాట్లాడుకునే అవకాశం వాళ్లకు ఎప్పుడూ ఉంది కదా.

ఈ మాట మన కోర్టులకు కొత్త కాదు. 1950లలో అజ్మీర్‌లోని బిజయ్ కాటన్ మిల్స్ కేసులో, ప్రభుత్వం పెట్టిన కనీస కూలి కన్నా తక్కువకే పని చేయడానికి మాకు అభ్యంతరం లేదని కార్మికులే సుప్రీంకోర్టు ముందు చెప్పుకున్నారు. కోర్టు ఒప్పుకోలేదు. పేదరికం వల్ల, నిస్సహాయత వల్ల తక్కువకు ఒప్పుకున్నా కనీస వేతన చట్టం చెల్లుతుందని తేల్చింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో ఇంకో అడుగు ముందుకు వేసింది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని జస్టిస్ పి.ఎన్. భగవతి రాశారు. కర్రతో బెదిరించడమే బలవంతం కాదు, ఆకలి కూడా బలవంతమే అన్నది దాని సారాంశం. లేబరు ఆఫీసు వరండాలో ఒక లాయరు గారు నాకు ఇది వివరిస్తున్నప్పుడు ఆ నల్లటి మచ్చలే కళ్ల ముందు ఆడాయి.

ఇక అదనపు గంటల సంగతి. మామూలు రేటుకు రెట్టింపు ఎందుకని షావుకారూ నన్ను అడిగేవారు. “తొమ్మిదో గంటలో తీసిన పొట్టూ, పన్నెండో గంటలో తీసిన పొట్టూ ఒకటే కదమ్మా” అని. పప్పుకు ఒకటే. మనిషికి కాదు. రాత్రి పది గంటలకు అమ్మ చేతిలో పప్పు ఎక్కువ విరిగేది, దానికి కోత పడేది, కత్తి వేలికి తగిలేది. రెట్టింపు రేటు అలసటకు పరిహారం మాత్రమే కాదు. యజమానికి అది ఒక అడ్డుకట్ట. అదనపు గంట చౌకగా దొరికితే, ఇంకో ఇద్దరిని పనిలోకి తీసుకోవలసిన చోట ఉన్నవాళ్లనే పిండుతారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో రోజుకు తొమ్మిది గంటలు లేదా వారానికి 48 గంటలు దాటితే రెట్టింపు ఇవ్వాలని ఉండేది. కిలో లెక్కన చేసేవాళ్లకు ఎలా లెక్కకట్టాలో కూడా అందులోనే ఉండేది. కిందటి నెలలో అదే పని మీద వచ్చిన రోజుల సగటు సంపాదనను రోజు కూలిగా తీసుకోవాలి. నేను రాసిన పుస్తకంలోనే ఆ లెక్కకు కావలసిన అంకెలన్నీ ఉన్నాయి. వేయమని ఎవరూ అడగలేదు, నేనూ వేయలేదు. ఇది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

మీ బావ చెప్పే ఆస్ట్రేలియాలో మీరు కోరుకునే పద్ధతిని ఒకసారి పెట్టి చూశారు. 2006 మార్చిలో ‘వర్క్ చాయిసెస్’ చట్టం అమల్లోకి వచ్చాక యజమాని ఒక్కొక్క పనివాడితో విడివిడిగా ఒప్పందం రాసుకునే వీలు బాగా పెరిగింది. చాలా ఒప్పందాల్లో మొదట ఎగిరిపోయింది ఆదివారం, పండుగ రోజుల అదనపు రేటే. మరుసటి ఏడాదే ప్రభుత్వం వెనక్కి తగ్గి కొంత రక్షణ చేర్చవలసి వచ్చింది. 2007 ఎన్నికల్లో ఆ ప్రభుత్వం ఓడిపోయింది, ప్రధాని జాన్ హోవర్డ్ సొంత సీటు కూడా పోగొట్టుకున్నారు. ఓటమికి ఈ చట్టం ఒక పెద్ద కారణమని అక్కడివాళ్లే చెప్పుకుంటారు.

బేరమే వద్దని నేను అనడం లేదు. తుఫాను తర్వాత రెండేళ్లకు అమ్మ పని చేసే చోట ఆడవాళ్లందరూ ఒకే రోజు కత్తులు కింద పెట్టారు. ఒక్కతే అడిగితే “రేపటి నుంచి రావద్దు” అనేవాళ్లు, అందరూ కలిసి షెడ్డు ముందు కూర్చునేసరికి మూడో రోజు పిలిచి మాట్లాడారు. అడిగినదానిలో సగం పెరిగింది. నేను చూసిన నిజమైన బేరం అదొక్కటే. చట్టం గీసిన గీతకు పైన ఎంతైనా మాట్లాడుకోండి. అనుభవానికి, వేగానికి, రాత్రి షిఫ్టుకు ఎక్కువ అడగండి. గీత కిందికి దిగడానికి మాత్రం ఇద్దరిలో ఎవరికీ హక్కు ఉండకూడదు. ఒకరు దిగితే పక్కవాళ్లనూ లాగేస్తారు. షావుకార్లలోనూ అంతే. సరైన కూలి ఇచ్చేవాడు, ఇవ్వనివాడితో ధరలో పోటీ పడలేక మూసుకోవాలి. గీత అందరికీ ఒకటైతే మంచివాడూ బతుకుతాడు.

మీ తమ్ముడికి చెప్పండి. ఆ కాగితం మీద సంతకం పెట్టినా, పెట్టకపోయినా దానికి విలువ లేదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం, వేతనాల కోడ్‌లోనూ అదనపు గంటకు రెట్టింపుకు తగ్గకూడదనే ఉంది. హక్కుగా రావలసిన డబ్బు వదులుకుంటానని రాసిచ్చిన ఒప్పందం ఆ మేరకు చెల్లదని అదే కోడ్ చెబుతోంది. బకాయి కోసం మూడేళ్ల లోపు అర్జీ పెట్టుకోవచ్చు. ఇవ్వవలసింది ఇచ్చామని నిరూపించుకోవలసిన బాధ్యత యజమానిదే. అతను చేయవలసింది ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోవడం. ఏ రోజు ఎన్నింటికి లోపలికి వెళ్లాడు, ఎన్నింటికి బయటకు వచ్చాడు, ఇంటికి వచ్చిన వెంటనే రాసుకోవాలి. గోడ మీద షిఫ్టు పట్టిక అంటిస్తే ఫోనులో ఫోటో తీసుకోవాలి. జీతం చీటీలు పారేయకూడదు. తనతో పాటు ఆ కాగితం అందుకున్న మిగతావాళ్లు ఎవరో కనుక్కుని, అర్జీ పెట్టేటప్పుడు ఒంటరిగా కాకుండా వాళ్లతో కలిసి వెళ్లమనండి. లెక్క కట్టడంలో సాయం కావాలంటే అంకెలు ఇక్కడే రాయండి, నేను వేసి పెడతాను.